బండి నిలబడగానే ఏసీ వేడి గాలి కొడుతోందా? గ్యాస్ కన్నా ముందు బంపర్ వెనక చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఒకసారి చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. ఏడేళ్ల చిన్న కారు. కర్నూలు దాటి 44వ జాతీయ రహదారి ఎక్కితే ఏసీ చక్కగా పనిచేస్తోంది. రాజ్ విహార్ దగ్గర రద్దీలో రెండు మూడు నిమిషాలు నిలబడితే మాత్రం గోరువెచ్చని గాలి వస్తోంది. ఈ వేసవిలో రెండుసార్లు గ్యాస్ నింపించారు. నింపించిన రోజు వణుకు పుట్టించి, మర్నాటికి మళ్ళీ మొదటికి వచ్చింది. ఇప్పుడు కంప్రెసర్ మార్చాలంటున్నారు. ఇంకో సంగతి, అయిదుగురు ఎక్కి హైదరాబాదు బయలుదేరితే గంట గడిచేసరికి మీ అమ్మగారికి తల దిమ్ముగా ఉంటోంది, మీకేమో ఆవలింతలు. అన్నీ రాశాక చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టు ఒక ముక్క కలిపారు: ఫిబ్రవరిలో ముందు బంపర్‌కు దెబ్బ తగిలితే మార్పించానని. నా కళ్ళు ముందు ఆ ముక్క మీదే పడ్డాయి.

నేను అనంతపురంలో ఇరవై ఎనిమిదేళ్లుగా కార్ల ఏసీ పని చేస్తున్నాను. పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్లకు డాష్‌బోర్డు కింద ఒక పెట్టె వేలాడదీసి ఏసీ బిగించేవాళ్ళం. అప్పుడు ఆర్-12 గ్యాస్. ఓజోన్ పొరకు చిల్లు పెడుతోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాక అది క్రమంగా పోయి ఆర్-134ఏ వచ్చింది. ఇప్పుడు కొన్ని కొత్త బండ్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది. గ్యాస్ పేరు ఎన్నిసార్లు మారినా జనం అడిగే మాట ఒక్కటే: "గ్యాస్ అయిపోయిందేమో చూడండి." గ్యాస్ పెట్రోలు కాదు, అయిపోవడానికి. గొట్టాలు గట్టిగా ఉంటే అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్ట్ సీలు దగ్గర ఏళ్ల మీద కొద్దిగా తగ్గుతుంది, అంతే. ఒక్క వేసవిలో రెండుసార్లు నింపవలసి వచ్చిందంటే ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా అసలు అవసరమే లేకుండా నింపి ఉండాలి. మీది రెండో రకమని నా అనుమానం.

ముందు ఏసీ ఏం చేస్తుందో చూద్దాం. అది చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. మన సీమలో కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద కపిల ఉండేది. ఎద్దులు తాడు లాగితే తోలుబాన బావిలోంచి నీళ్ళు మోసుకొచ్చి పైన కాలువలో పోసేది. కారు ఏసీ అచ్చం అదే. బావి మీరు కూర్చున్న చోటు, అందులోని నీరు వేడి. బాన గ్యాస్. ఎద్దుల పని ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ చేస్తుంది. కాలువ అంటే రేడియేటర్‌కు ముందు, బంపర్ వెనక నిలబెట్టి ఉండే కండెన్సర్. ఇప్పుడు ఆ కాలువ పూడిపోయిందనుకోండి. ఇంకో బాన తగిలించినా, ఎద్దులను అమ్మేసి కొత్తవి కొన్నా చేనుకు నీరు అందుతుందా? మిమ్మల్ని ఎద్దులు మార్చమంటున్నారు. నేను ముందు కాలువ చూడమంటున్నాను.

గ్యాస్ వేడిని ఎలా మోస్తుందన్నది పుస్తకం లేకుండానే తెలుసుకోవచ్చు. ఇంజక్షన్‌కు ముందు నర్సు స్పిరిట్ దూది రుద్దితే చర్మం జిల్లుమంటుంది కదా. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, దాన్ని మీ చర్మం నుంచి లాక్కుంటుంది. టీ అంగడిలో పెద్ద మంట మీద ఆపకుండా వాడే గ్యాస్ సిలిండర్‌ను ముట్టుకుని చూడండి, ఎండాకాలంలో కూడా కింది సగం చెమర్చి చల్లగా ఉంటుంది. లోపలి ద్రవం మరిగి ఆవిరి అవుతూ ఇనుము నుంచి వేడి లాగుతోంది. ఆర్-134ఏ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కారులో అంత దూరం పోనివ్వరు. డాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్‌లో ఒత్తిడిని 30 పీఎస్ఐ దగ్గర ఉంచితే గ్యాస్ ఒకటి రెండు డిగ్రీల దగ్గర మరుగుతుంది. బ్లోయర్ విసిరే గాలి ఆ కాయిల్ రేకుల మధ్య నుంచి వస్తూ తన వేడిని అక్కడ వదిలేస్తుంది. ఇంకా కిందికి పోతే కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలికి దారి మూసుకుపోతుంది. అందుకే అక్కడొక సెన్సర్ కాపలా కాస్తూ అవసరమైనప్పుడు కంప్రెసర్‌ను ఆపుతుంది.

ఇప్పుడు వేడి మోసుకున్న ఆవిరి కంప్రెసర్‌లోకి వస్తుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి కాలుతుంది, గుర్తుందా? నొక్కితే వేడెక్కుతుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కడంలోని అసలు ఉద్దేశం కూడా అదే: బయటి గాలి కన్నా ఎక్కువ వేడిగా చేయడం. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. కర్నూలులో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలు ఉంటే, తారు రోడ్డు మీద బంపర్ దగ్గర గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ గాలికి వేడి ఇవ్వాలంటే కండెన్సర్‌లో గ్యాస్ 60, 65 డిగ్రీలన్నా ఉండాలి. గేజ్ మీద అది దాదాపు 230 నుంచి 260 పీఎస్ఐ. అక్కడ వేడి వదిలేసి ఆవిరి మళ్ళీ ద్రవం అవుతుంది. డ్రయ్యర్‌లో తేమ, చెత్త వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని రంధ్రం దాటి మళ్ళీ కాయిల్‌లోకి వచ్చి పడుతుంది. చక్రం పూర్తయింది.

ఇక మీ కారు నిలబడితే ఏమవుతుందో చూడండి. పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌లోకి దానంతట అదే దూసుకొస్తుంది. నిలబడితే ఆ పని మొత్తం వెనక ఉన్న ఫ్యాన్ మీద పడుతుంది. ఫ్యాన్ ముందునుంచి గాలి లాగి, కండెన్సర్, రేడియేటర్ రెండింటిలోంచి దాటించి, బాగా వేడెక్కిన గాలిని ఇంజిన్ వైపు తోస్తుంది. ఆ వేడి గాలి బానెట్ కింద ఇరుక్కుని దారి వెతుక్కుంటుంది. కండెన్సర్ చుట్టూ సందులు తెరిచి ఉంటే ఎటు పోతుంది? ఫ్యాన్ పీలుస్తున్న ముందు వైపుకే తిరిగి వస్తుంది. అప్పుడు కండెన్సర్‌కు అందేది 43 డిగ్రీల గాలి కాదు, 60కి పైబడిన గాలి. దానికి వేడి ఇవ్వాలంటే గ్యాస్ 80 డిగ్రీలు దాటాలి, ఒత్తిడి 360 దాటిపోతుంది. ఇంకా పెరిగి 450 దగ్గరికి వస్తే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది, గొట్టాలు పగలకుండా. మీకు లోపల గోరువెచ్చని గాలి వస్తుంది. రోడ్డు ఖాళీ అయి బండి కదలగానే ఎదురుగాలి తగిలి అంతా మామూలవుతుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే.

కంపెనీవాళ్ళు ఆ సందులు మూయడానికే కండెన్సర్ పక్కల ప్లాస్టిక్ రేకులు, నల్లటి స్పాంజి పట్టీలు పెడతారు. చూడటానికి ప్యాకింగ్ చెత్తలా ఉంటాయి. బంపర్ మార్చేటప్పుడు అవి ఊడి వస్తాయి. కొత్త బంపర్ బిగించాక "ఇవేవో మిగిలాయి" అని మూలన పడేసే వాళ్ళను నేను కళ్ళారా చూశాను. రంగు బాగుందా, గీతలు పడ్డాయా అని చూసుకుంటాం గానీ స్పాంజి ఉందా అని ఎవరు చూస్తారు? ఫిబ్రవరిలో మార్పించారు కాబట్టి అప్పుడు తెలియలేదు. ఏప్రిల్ రాగానే బయటపడింది.

పోయిన వేసవిలో గుత్తి నుంచి ఒకాయన ఇదే గొడవతో వచ్చాడు. ఆయన కూడా మూడు చోట్ల గ్యాస్ నింపించుకుని ఉన్నాడు. బండి నీడలో పెట్టించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ పూర్తిగా పెట్టి, దినపత్రికలో ఒక కాగితం చింపి ముందు జాలీకి ఆనించాను. ఫ్యాన్ సరిగ్గా లాగుతుంటే కాగితం అతుక్కుని నిలబడాలి. మధ్యలో అతుక్కుంది. కుడి పక్కకు జరిపితే రెపరెపలాడి నా వైపే ఎగిరింది! గాలి లోపలికి పోవలసిన చోట బయటికి వస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాను. పొయ్యి ముందు పెట్టినట్టు చటుక్కున లాక్కున్నాడు. గేజ్ తగిలిస్తే 370 చూపిస్తోంది. బంపర్ విప్పాం. ఒక పక్క ప్లాస్టిక్ రేకు లేదు, పైన స్పాంజి లేదు, కండెన్సర్ అడుగున వేరుశనగ పొట్టు, పురుగుల రెక్కలు, ఎర్రమట్టి కలిసి పిడకలా గట్టిపడి ఉన్నాయి. కండెన్సర్ కడిగి, గ్యాస్ మొత్తం తీసి తూచి నింపి, స్పాంజి పట్టీలు కత్తిరించి అతికించాం. మళ్ళీ చూస్తే 250. నన్ను అడిగితే ఆ రోజు చేసిన పనిలో అసలైనది మూడు మూరల స్పాంజి.

మీరూ ఆ కాగితం పరీక్ష చేయండి. ఉదయం కాదు, ఎండ ఎక్కాక. కాగితం ఎక్కడా అతుక్కోకపోతే ఫ్యాన్ సంగతి చూడాలి. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలేయవద్దు. లోపలి బ్రష్షులు అరిగితే నీరసంగా తిరుగుతుంది, చూసేవాడికి తేడా తెలియదు. కొన్ని బండ్లలో ఫ్యాన్‌కు రెండు వేగాలు ఉంటాయి. చిన్న వేగానికి పెట్టిన రెసిస్టర్ కాలిపోతే, ఇంజిన్ బాగా వేడెక్కి పెద్ద వేగం అందుకునేదాకా ఫ్యాన్ కదలనే కదలదు. ఎవరైనా మోటారు మార్చి వైర్లు తిరగేసి కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరిగి గాలిని ముందుకు తోస్తుంది. నవ్వవద్దు, నా దగ్గరికి ఇలాంటివి నాలుగు వచ్చాయి.

కండెన్సర్ కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. దాని రేకులు కాగితం కన్నా పలచన. వాటర్ సర్వీసింగ్ వాళ్ళు లారీ కడిగే జోరుతో కొడితే రేకులు వంగి ఒకదానిమీద ఒకటి పడి గోడ కట్టేస్తాయి, ఇక ఆ గోడలోంచి గాలి దూరదు. మామూలు కొళాయి నీళ్ళు, వీలైతే వెనక నుంచి ముందుకు. బేతంచెర్ల, తాడిపత్రి, యర్రగుంట్ల వైపు రాయి పరిశ్రమల మధ్య తిరిగే బండ్లకు ఈ పని వేసవికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తప్పదు. ఆ నాపరాతి దుమ్ము తడి తగిలి ఆరితే సున్నం పూసినట్టు పట్టేస్తుంది.

ఇప్పుడు మీ రెండు గ్యాస్ నింపుళ్ళ సంగతి. నింపించిన రోజు చల్లగా ఎందుకుందో నేను ఊహించగలను. నింపేటప్పుడు కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు పోసి ఉంటారు. అది అందరూ చేసే పనే. నీళ్ళు పడితే కండెన్సర్ చల్లబడి, ఒత్తిడి పడిపోయి, లోపల మంచు గాలి వస్తుంది. మీరు చెయ్యి పెట్టి చూసి సంతోషపడి డబ్బు ఇచ్చారు. కొంత దుమ్ము కూడా కడుక్కుపోయి ఉంటుంది, అందుకే ఆ రోజంతా బాగుంది. పాత గ్యాస్ తీయకుండా పైన ఇంకొంచెం, ఇంకొంచెం కలిపి ఉంటే ఇప్పుడు మీ బండిలో గ్యాస్ ఎక్కువై ఉంటుంది. గ్యాస్ ఎక్కువైతే ద్రవం కండెన్సర్‌లోనే నిండిపోయి, వేడి వదిలేందుకు మిగిలే చోటు తగ్గి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అంటే రోగానికి వేసిన మందే రోగాన్ని పెంచింది.

"ఇంజిన్ ఆఫ్‌లో గేజ్ పెట్టి చూశారు, గ్యాస్ సరిగ్గానే ఉందన్నారు" అని కూడా రాశారు. ఆ లెక్క చెల్లదు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గేజ్ చూపించేది పరిమాణం కాదు, ఉష్ణోగ్రత. 40 డిగ్రీల ఎండలో ఆర్-134ఏ ఒత్తిడి 133 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంత వరకు 200 గ్రాములున్నా అంతే, 500 ఉన్నా అంతే. ఇంట్లో వంట సిలిండర్ నిండుగా ఉన్నా సగం ఉన్నా మంట ఒకేలా రావడం లేదా? ఎంత మిగిలిందో తెలియాలంటే ఎత్తి చూస్తాం, తూస్తాం. ఇక్కడా తూకమే. బానెట్ లోపల ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది, దాని మీద గ్యాస్ రకం, బరువు రాసి ఉంటాయి. చిన్న కార్లలో సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య. ఉన్నది మొత్తం మెషీన్‌తో బయటికి తీసి, వ్యాక్యూమ్ పెట్టి, అంటే గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో పీల్చేసి, చీటీలో ఉన్న బరువు తూచి ఎక్కించాలి. తీయడమంటే గాలిలోకి వదిలేయడం కాదు. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో అదే బరువు బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది.

వ్యాక్యూమ్ అరగంటకు తగ్గకూడదు. గొట్టాల్లో గాలి మిగిలితే అది ద్రవంగా మారదు, ఊరికే చోటు ఆక్రమించి ఒత్తిడి పెంచుతుంది. తేమ మిగిలితే వాల్వ్ దగ్గర మంచై అడ్డుపడుతుంది, నూనెతో కలిసి లోపల తినేస్తుంది. వ్యాక్యూమ్ ఆపాక పావుగంట ముల్లు కదలకుండా నిలబడిందా చూడమనండి. నిలబడకపోతే లీకు ఉన్నట్టు, అది పట్టుకోకుండా గ్యాస్ ఎక్కించడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. లీకు మూసే మందు డబ్బాలు మాత్రం వద్దు. లీకు సంగతేమో గానీ వాల్వును మూసేస్తాయి. మరీ చవకగా దొరికే గ్యాస్ డబ్బాల జోలికీ పోవద్దు. వాటిలో కొన్నింటిలో వంటగ్యాస్ జాతి వాయువులు కలుస్తాయి, అవి అంటుకుంటాయి. మిథైల్ క్లోరైడ్ కలిపిన నకిలీ గ్యాస్ ఇంకా ప్రమాదం, అల్యూమినియంతో చర్య జరుపుతుంది. మన ఏసీ కాయిళ్ళన్నీ అల్యూమినియమే.

కంప్రెసర్ నిజంగా పోయిందా అన్నది కూడా గేజ్ చెబుతుంది, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు. దానికి రెండు ముళ్ళు: ఒకటి కూలింగ్ కాయిల్ వైపు తక్కువ ఒత్తిడిని, రెండోది కండెన్సర్ వైపు ఎక్కువ ఒత్తిడిని చూపిస్తుంది. రెండు ముళ్ళూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్‌కు గాలి అందడం లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది. తక్కువ ఉండవలసినది పైకి లేచి 70 దగ్గరా, ఎక్కువ ఉండవలసినది కిందికి దిగి 130 దగ్గరా ఒకదానికొకటి దగ్గరైతే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. ఆ రెండు అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. మీది 70, 130 అయితే నా మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను, కంప్రెసర్ మార్పించండి. అప్పుడు డ్రయ్యర్ కూడా మార్చాలి. పాత కంప్రెసర్ లోపల అరిగి ఇనుపరజను వదిలి ఉంటే కండెన్సర్ కూడా. ఆ సన్నని దారుల్లో చిక్కుకున్న రజను కడిగితే పోదు, కొత్త కంప్రెసర్‌ను నెలల్లో మింగేస్తుంది.

చల్లదనం తగ్గిందన్న ఫిర్యాదుల్లో సగం గ్యాస్ వైపు కాదు, గాలి వైపు ఉంటాయి. అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీ నుంచి బయటి గాలి వస్తుంది. లోపలి గాలి ఎడమ సీటు కాళ్ళ దగ్గర నుంచి వస్తుంది. ఈ రెంటిలో ఏది బ్లోయర్‌లోకి పోవాలో ఒక రెక్క నిర్ణయిస్తుంది, కారు బొమ్మలో గుండ్రటి బాణం ఉన్న బటన్ దానిదే. బ్లోయర్ విసిరిన గాలి ఫిల్టర్, కూలింగ్ కాయిల్ దాటాక ఇంకో రెక్క దగ్గరికి వస్తుంది. దాని పక్కనే హీటర్, అంటే ఇంజిన్ వేడినీళ్ళు పారే చిన్న రేడియేటర్. మీరు తిప్పే ఎరుపు నీలం మీట ఈ రెక్కను కదుపుతుంది. మామూలు ఏసీ బండ్లలో చలి వేస్తోందని మీటను కాస్త ఎరుపు వైపు తిప్పితే కంప్రెసర్ పనేమీ తగ్గదు. చల్లబరిచిన గాలికి వేడిగాలి కలుపుతారంతే. డీజిలు మిగిలిందనుకోవడం భ్రమ. ఈ రెక్క వైరు సాగి పూర్తిగా మూసుకోకపోతే, బానెట్‌లో లావు గొట్టం చల్లగా చెమర్చి ఉంటుంది, లోపల మాత్రం గాలి వెచ్చగా వస్తుంది. గొట్టం చల్లగా ఉందా అని చేత్తో చూడటం పైసా ఖర్చులేని పరీక్ష.

ఫిల్టర్ చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. విప్పడానికి అయిదు నిమిషాలు. మన దుమ్ముకు అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి తీసి దులపండి, పదిహేను వేల లోపు మార్చండి. బ్లోయర్ ఒకటి రెండు మూడు అంకెల మీద మూగబోయి నాలుగు మీద మాత్రమే తిరిగితే మోటారు పోలేదు, చిన్న రెసిస్టర్ పోయింది.

ఇక మీ అమ్మగారి తలదిమ్ము. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు, మీ ఆవలింతలు మరీ కాదు, స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది కాబట్టి. బయలుదేరినప్పుడు లోపలి గాలి బటన్ నొక్కి హైదరాబాదు దాకా ముట్టుకోరు కదా? ఊరికే కూర్చున్న మనిషి గంటకు 15 నుంచి 20 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. చిన్న కారు లోపలి గాలి మొత్తం మూడు వేల లీటర్లు ఉంటే గొప్ప. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళలో 420 పాళ్ళు దాటి ఉంటుంది. అయిదుగురు ఎక్కి అద్దాలు బిగిస్తే అరగంట లోపే అది కొన్ని వేలకు పోతుంది. తలుపు సందుల్లోంచి కాస్త గాలి మారుతుంది కాబట్టి ప్రాణానికి ముప్పు లేదు గానీ తల బరువు, మగత, చిరాకు తప్పవు. ఊరు దాటాక ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలికి మార్చండి. అయిదుగురున్నప్పుడు నేనైతే రహదారి మీద బయటి గాలి మీదే ఉంచుతాను. వేగంలో కండెన్సర్‌కు గాలి పుష్కలం, ఏసీ ఆ బరువు మోయగలదు. లారీ వెనకో, సిమెంటు ఫ్యాక్టరీ ముందో వెళ్ళేటప్పుడు మాత్రం లోపలి గాలికి మార్చుకోండి.

బయటి గాలి లోపలికి వస్తే అంత గాలీ ఎక్కడో బయటికి పోవాలి. డిక్కీ పక్కల్లో, వెనక బంపర్ చాటున రబ్బరు రెక్కల కిటికీలు ఉంటాయి, అవే ఆ దారి. డిక్కీని బియ్యం మూటలతో కిక్కిరిసి నింపి ఆ దారి మూసేస్తే బ్లోయర్ ఎంత అరిచినా గాలి కదలదు. నంద్యాల నుంచి వచ్చిన ఒక కుటుంబం బ్లోయర్ మోటారు మార్చమని వచ్చింది. నేను మార్చింది మూటల చోటు.

ఎండలో నిలిపిన కారెక్కగానే లోపలి గాలి బటన్ నొక్కవద్దు. లోపల అప్పటికి బయటికన్నా పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. బయట 43 ఉన్నప్పుడు 60 డిగ్రీల గాలిని పట్టుకుని చల్లబరచడం ఎందుకు? అద్దాలు దించి, బ్లోయర్ పెద్దది చేసి, ఒక నిమిషం బండి నడిపించి ఆ గాలిని తరిమేయండి. తర్వాత అద్దాలు ఎక్కించి లోపలి గాలి పెట్టండి. పిల్లల్ని "రెండు నిమిషాలే" అని మూసిన కారులో వదిలి వెళ్ళే వాళ్ళకు ఒక మాట: ఆ వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే ఎక్కుతుంది, అద్దం రెండు వేళ్ళు దించినా పెద్దగా తేడా ఉండదు. అలాగే దాబా దగ్గర ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. పొగగొట్టం ఎక్కడైనా చిట్లి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, నిద్రలో తెలియదు.

ఈ సందర్భంలో లారీవాళ్ళు గుర్తొస్తున్నారు. మన 44వ రహదారి మీద మే నెలలో ఇంజిన్ పక్కన కూర్చుని బండి నడిపేవాడి కష్టం చెప్పనలవి కాదు. 2025లో మధ్యరకం, పెద్ద కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. నా దగ్గరికి వచ్చే పని పెరుగుతుందని కాదు గానీ, ఇది ఇరవై ఏళ్ల కిందటే రావలసింది.

ఇంకో చిన్న సందేహం మీరే లేవనెత్తారు: నెల్లూరు వెళితే కర్నూలు కన్నా ఎండ తక్కువే, అయినా ఏసీ అక్కడ మందంగా ఉందని. అది జబ్బు కాదు. మన గాలి పొడి. కోస్తా గాలిలో తేమ నిండా ఉంటుంది. కాయిల్ ముందు ఆ తేమను నీరుగా మార్చాలి, దాని శక్తిలో పెద్ద వాటా అక్కడే ఖర్చవుతుంది. అక్కడ కారు కింద ధారగా కారే నీళ్ళు అవే. ఆ నీళ్ళు కింద పడకుండా ఎడమ సీటు ముందు కార్పెట్ తడిస్తే డ్రెయిన్ పైపు మూసుకుందని అర్థం. ఇంటికి చేరే రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం తిరగనిస్తే కాయిల్ ఆరి, ఆ తడిగుడ్డ వాసన రాకుండా ఉంటుంది. చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేయండి. కంప్రెసర్‌కు నూనె గ్యాస్‌తోనే తిరుగుతుంది, నెలల తరబడి ఆపేస్తే సీళ్ళు ఎండిపోతాయి.

కాబట్టి కంప్రెసర్‌కు అడ్వాన్సు ఇవ్వకుండా కొన్ని రోజులు ఆగండి. కాగితం పరీక్ష చేసి, బంపర్ పై ప్లాస్టిక్ మూత తీసి టార్చి వేసి కండెన్సర్ రెండు పక్కలా చూడండి. స్పాంజి లేకపోతే మీకే కనిపిస్తుంది. తర్వాత తూకం మెషీన్ ఉన్న చోట గ్యాస్ మొత్తం తీయించండి. ఎన్ని గ్రాములు బయటికి వచ్చిందో మెషీన్ చూపిస్తుంది, ఆ అంకె, బానెట్ చీటీలోని అంకె, నిలబడి ఉన్నప్పుడు రెండు ముళ్ళ అంకెలు, ఈ నాలుగూ నాకు రాయండి. మెషీన్‌లోకి వచ్చింది చీటీలో ఉన్నదానికన్నా ఎక్కువ ఉంటే నేను ఆశ్చర్యపోను.